నీళ్ళలో బాతు – అరచేతిలో టెంకాయ

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం పంపవలసిందిగా మన సంఘం కార్యదర్శిగారు కోరుతూ, "మీది చిప్పగిరి కదా, ఊరి చరిత్రే రాయండి" అన్నారు. ఆ పని నాకంటే అర్హులైన పెద్దలు ఇదివరకే చేశారు. శ్రీ విజయదాసులవారు 1755లో కార్తీక శుద్ధ దశమినాడు మా ఊళ్ళోనే పరమపదించడం, కొండమీది జైన బసది, బళ్ళారి జిల్లాలో ఉండిన మా ఆలూరు తాలూకా ఆదోని, రాయదుర్గం తాలూకాలతోపాటు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో చేరడం – ఇవన్నీ మన సభ్యులకు తెలిసినవే. అందువల్ల ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సంగతి ఎంచుకున్నాను. చెయ్యి తగలకుండా వస్తువు దానంతట అదే కదలడం, ఆ కదలిక చుట్టూ ఒక కథ అల్లడం – ఈ విద్య చరిత్ర. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు భౌతిక శాస్త్రం చెప్పినవాణ్ణి గనుక ఈ విషయం మీద నాకు మొదటినుంచీ మక్కువ. అదీగాక, రిటైరయ్యాక చేతికొచ్చిన గ్రాట్యుటీ డబ్బుతో నాలుగెకరాలు కొని బోరు వేయించే ఆలోచనలో ఉన్న మిత్రులకు ఇది కొంత పనికొస్తుంది. గారడీకీ బోరుకూ సంబంధమేమిటని అడగవచ్చు. కాస్త ఓపిక పట్టండి, అక్కడికే వస్తున్నాను.

మనవైపు వీధి గారడీలో అన్నిటికన్నా చవకైనదీ, నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పదీ నీళ్ళలో బాతు. మీలో చాలామంది చిన్నతనంలో చూసే ఉంటారు. ఒక ముంతో, వెడల్పాటి మట్టి చిప్పో ఉంటుంది. అందులో నీళ్ళు, నీళ్ళమీద బొటనవేలంత చెక్కబాతు. గారడీ ఆయన రెండు మూడు అడుగుల దూరంలో గొంతుక్కూర్చుని ఒక చేత్తో చిన్న డమరుకం ఆడిస్తుంటాడు. ప్రశ్న అడుగుతాడు. బాతు బుడుంగున మునిగి లేస్తుంది. అంతే.

నేను దీన్ని 1958 ప్రాంతంలో మా ఊరి ఆరాధన జనంలో చూశాను. ఆరాధనకు అటు కన్నడ దేశం నుంచి, ఇటు గుంతకల్లు, ఆదోని వైపు నుంచి జనం వచ్చేవారు. ఆ గారడీ ఆయన కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ కలిపి మాట్లాడేవాడు. ఆయన చెప్పిన కథ నాకిప్పటికీ జ్ఞాపకముంది. ఆ బాతు తుంగభద్ర ఆనకట్ట కాడ పుట్టిందట. 1953లో డ్యాము నీళ్ళు వదిలినప్పుడు ఆ నీళ్ళతో కొట్టుకొచ్చిందట. అందుకని నీళ్ళ సంగతి దానికి తెలిసినట్టు కలెక్టరుకు కూడా తెలియదట. "యేమప్పా బాతప్పా, ఈ ఊరికి కాలువ నీళ్ళొస్తాయా?" అని అడిగేవాడు. బాతు కదలదు. జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. "ఇంజనీరుకు భయపడుతోంది పాపం, మెల్లగ అడగల్ల" అని గొంతు తగ్గించి మళ్ళీ అడిగేవాడు. అప్పుడు మునిగేది. జనమంతా ఒక్కసారిగా హమ్మయ్య అనుకునేవారు. కాణీలు, అర్ధణాలు, కొందరు పిడికెడు జొన్నలు.

ఇందులో కిటుకు చాలా సులువు. చిప్ప అడుగున సూదిమొనంత బెజ్జం ఉంటుంది. బాతు పొట్టకు మైనంతో అంటించిన సన్నటి దారమో, పొడుగాటి వెంట్రుకో ఆ బెజ్జంలోంచి కిందికి దిగి, నేలమీదుగా గారడీవాడి వేలిదాకా వెళుతుంది. దారం లాగితే బాతు మునుగుతుంది, వదిలితే చెక్క గనుక తేలుతుంది. బెజ్జంలోంచి నీళ్ళు కారి నేల తడిస్తే జనం అనుమానపడరా? అందుకే ఆయన నీళ్ళు పోసేటప్పుడే తొట్రుపడినట్టు చుట్టూ ఒలకబోస్తాడు. తడిసిన నేలమీద ఇంకో తడి కనబడదు, మట్టిరంగు దారమూ కనబడదు. దారం పట్టిన చెయ్యి కదలకూడదు గదా, మరెలా లాగుతాడు? ఆ చేతికే డమరుకం ఉంది. ఎప్పుడూ ఊగుతూ ఉండే చెయ్యి ఒక్క అంగుళం ఎక్కువ ఊగితే ఎవరికి పడుతుంది? నలభై మార్కుల ప్రశ్నకు జవాబు రాసినంత పకడ్బందీగా ఆలోచించి పెట్టిన పని ఇది.

రహస్యం బయటపెట్టానని ఇంద్రజాలికులు కోప్పడనక్కరలేదు. మేజర్ బ్రాన్సన్ అనే ఇంగ్లీషు దొర 1922లోనే 'ఇండియన్ కంజూరింగ్' అనే చిన్న పుస్తకంలో ఈ బాతు కిటుకును అచ్చు వేసేశాడు. మన వీధి గారడీవాళ్ళ సామగ్రి నాసిరకమని తీసిపారేసిన మనిషి ఆయన. నాకైతే ఆయన బాతును చూశాడు గానీ కథను వినలేదనిపిస్తుంది. భాష రానివాడికి ఈ గారడీలో సగం కూడా అందదు. దారం బాతును ముంచుతుంది సరే. నలభైమందిని దారంకేసి చూడనీయకుండా ఆపింది మాత్రం ఆ కాలువ కథే. బాతు మొదటిసారి కదలకపోవడం కూడా అందులో భాగమే. అడిగిన వెంటనే మునిగి ఉంటే అది బొమ్మ. మొండికేసి, బతిమాలించుకుని మునిగింది గనుక ప్రాణమున్నదయింది.

ఈ మాటలు మన పూర్వులకు తెలియనివి కావు. ఏడో శతాబ్దపు హర్షుని 'రత్నావళి' నాటకంలో ఒక ఐంద్రజాలికుడు వచ్చి అంతఃపురం తగలబడుతున్నట్టు భ్రమింపజేసే ఘట్టముంది. శంకరాచార్యులవారు బ్రహ్మసూత్ర భాష్యంలో ఒకచోట గారడీవాణ్ణే దృష్టాంతంగా తీసుకున్నారు. కత్తీ డాలూ పట్టుకుని దారం మీదుగా ఆకాశానికి ఎక్కిపోతున్నట్టు కనిపించే మాయావి వేరు, నేలమీద నిలబడి ఉన్న అసలు మాయావి వేరు అని. వేదాంతం సంగతి పండితులకు వదిలేద్దాం. నేలమీదున్న మనిషిని చూడాలన్న మాట మాత్రం నాబోటి సైన్సు పంతులుకు ఎంతో నచ్చింది.

మన రాయలసీమకు ఈ విద్యలో ప్రత్యేకంగా చెప్పుకోదగిన వారు విప్రవినోదులు. పేరులోనే ఉంది – విప్రులకు వినోదం చూపేవారని. అగ్రహారాల్లో ప్రదర్శనలిచ్చి, వాటి నుంచి కట్టుబడిగా రాబడి పొందేవారు. విజయనగర కాలంలో వీరి స్థితి ఎంత మెరుగ్గా ఉండేదంటే, పదహారో శతాబ్దపు శాసనాలు కొన్ని కడప, కర్నూలు సీమల్లో దొరికాయి. ఫలానా అగ్రహారాలనుంచి తమకు రావలసిన రాబడిని విప్రవినోదులు దేవుడికి ధారపోసినట్టు వాటిలో ఉంది. గారడీ చేసి బతికేవాళ్ళు గుడికి దానం ఇచ్చి రాతిమీద పేరు చెక్కించుకున్నారు! తర్వాతి కాలంలో పోషణ పోయి వీధిన పడ్డారు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల నాటికి వీరు ఊరూరూ తిరిగి బంతులు ఎగరేసే సంచారులుగానే కనిపిస్తారు.

1830 ప్రాంతంలో మద్రాసులో శేషాల్ అని తెల్లవాళ్ళు రాసుకున్న ఒక వృద్ధ బ్రాహ్మణుడు నేలకు నాలుగడుగుల ఎత్తున గాలిలో కూర్చుని జపమాల తిప్పేవాడట. ఒక చెయ్యి మాత్రం కర్రమీద ఆనీ ఆననట్టు ఉండేది. కూర్చునేటప్పుడూ, దిగేటప్పుడూ దుప్పటి అడ్డంపెట్టేవారు. 1832లో లండను పత్రిక బొమ్మతో సహా వేసింది. కర్రలోంచి చొక్కాచేతిలోకి పోయే ఇనుప ఊచ ఒకటుంటే చాలునని తర్వాతివాళ్ళు తేల్చారు. నేటికీ నగరాల కూడళ్ళలో ఈ ఆసనం చూపించి డబ్బులడిగేవాళ్ళున్నారు. ఇక్కడ కథ జపమాల. అదే ఆసనంలో చుట్ట కాలుస్తూ కూర్చుని ఉంటే ఇంగ్లండుదాకా పేరు పోయేదా?

దేహబలం తగలకుండా మనోబలంతోనే వస్తువును కదిలించడానికి 'టెలికైనసిస్' అని పేరు పెట్టింది రష్యా దేశస్థుడు అక్సకోవ్, 1890లో. అప్పటికి నలభై ఏళ్ళుగా ఐరోపా, అమెరికాల్లో బల్లలు కదిలించే పిచ్చి నడుస్తోంది. దీపం తగ్గించి, పదిమంది బల్లచుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే, చనిపోయినవాళ్ళ ఆత్మలు వచ్చి బల్లను తిప్పేవట. అక్కడ కూర్చున్నవాళ్ళు దొంగలు కారు. మర్యాదస్తులు, చదువుకున్నవాళ్ళు. తాము తొయ్యలేదని ప్రమాణం చేయగలవాళ్ళు. విద్యుత్తులో మహా మేధావి మైకేల్ ఫారడే 1853లో దీన్ని పరీక్షకు పెట్టాడు. ఆయన ఎవరినీ దబాయించలేదు. అట్టముక్కలను మెత్తటి బంకతో ఒకదానిమీద ఒకటి అంటించి చేతులకూ బల్లకూ మధ్య పెట్టాడు. ఆత్మ బల్లను లాగితే కింది అట్ట ముందు జరగాలి. చేతులు తోస్తే పై అట్ట ముందు జరగాలి. చూస్తే పై అట్టే ముందు జరిగింది. తర్వాత చేతి కదలికను చూపే ఒక గడ్డిపుల్ల ముల్లు అమర్చి, దాన్ని కూర్చున్నవాళ్ళకే కనబడేలా పెట్టాడు. తమ చేతులు తోస్తున్నట్టు తమకే కనబడేసరికి బల్ల తిరగడం ఆగిపోయింది. అంతకుముందే 1833లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ దారానికి కట్టిన లోలకం విషయంలో ఇదే కనిపెట్టాడు. కళ్ళకు గంతలు కడితే లోలకం ఊగదు. మనసులో అనుకున్నది మనకు తెలియకుండానే కండరాల్లోకి దిగుతుందన్నమాట. 1852లో డాక్టర్ కార్పెంటర్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు.

మన గారడీ ఆయనకూ ఈ బల్లవాళ్ళకూ తేడా ఇక్కడ గమనించాలి. బాతువాడికి దారం లాగుతున్నానని తెలుసు. బల్లవాడికి తాను తోస్తున్నానని తెలియదు. రెండోవాడే ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. నిజాయితీపరుణ్ణి అనుమానించడం మనకు చేతకాదు గదా.

ఇక టెంకాయ దగ్గరికి వద్దాం. బోరు వేసే ముందు నీళ్ళ జాడ చూసేవాణ్ణి పిలిపించడం ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు ఎవరికీ కొత్త కాదు. కొందరు వేప పంగలకర్రతో చూస్తారు, కొందరు టెంకాయతో. పీచు తీసిన టెంకాయను చాచిన అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి, చెప్పులు విడిచి, గంగమ్మను తలచుకుని చేను చుట్టూ నడుస్తాడు. ఒకచోట టెంకాయ మెల్లగా లేచి నిటారుగా నిలబడుతుంది. అక్కడ పసుపు, కుంకుమ, గుర్తుకు ఒక రాయి. మర్నాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ.

దీని భౌతిక శాస్త్రం నేను పిల్లల చేత చేయించేవాణ్ణి. టెంకాయ గుడ్డు ఆకారంలో ఉంటుంది, లోపల నీళ్ళు అటూ ఇటూ కదులుతుంటాయి, అరచెయ్యి గుంటగా ఉంటుంది. చెయ్యి కొద్దిగా వంచి, వేళ్ళ మొదళ్ళు వెంట్రుకవాసి లేపితే చాలు, బరువు కేంద్రం జరిగి కాయ లేస్తుంది. వారం రోజులు అభ్యాసం చేస్తే ఎవరికైనా వస్తుంది. పదినిమిషాలపాటు చెయ్యి చాచి నడిచినవాడికి కండరాలు ఎలాగూ వణుకుతాయి. నీళ్ళుంటాయని అతను అనుకున్న చోట – పుట్ట పక్కన, కానుగచెట్టు కింద, పల్లంలో – ఆ వణుకు కాస్త పెరుగుతుంది. వాళ్ళలో మోసగాళ్ళు బహు కొద్దిమందే. చాలామంది ఫారడే బల్లచుట్టూ కూర్చున్న మర్యాదస్తుల్లాంటివాళ్ళు. డబ్బు తీసుకోనివాళ్ళను కూడా చూశాను.

మరి నీళ్ళు పడ్డ సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. మనది నల్లరేగడి కింద గ్రానైటు, నైసు రాయి ఉన్న నేల. నీళ్ళు భూమిలో నదిలాగా పారవు. పైన పొడిబారిన రాతిపొరలోనూ, కింద రాతి పగుళ్ళలోనూ నిలుస్తాయి. వానలు బాగా పడిన ఏడు, పల్లపు చేలో, చెరువు దిగువన ఎక్కడ తవ్వినా ఎంతో కొంత తడి తగులుతుంది. అలా పడినది టెంకాయ ఖాతాలో జమ. పడనిది రైతు తలరాత ఖాతాలో ఖర్చు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు 'బృహత్సంహిత'లో దకార్గళమనే అధ్యాయం రాసి, ఏ చెట్టు పక్కన, ఏ పుట్ట దిక్కున ఎంత లోతున నీరుంటుందో లెక్కలు చెప్పాడు. ఆ లెక్కలన్నీ నిలవకపోవచ్చు. అయినా ఆయన చెట్టునూ మట్టినీ చూడమన్నాడు.

జర్మనీలో 1987, 88 సంవత్సరాల్లో మ్యూనిక్ దగ్గర పెద్ద పరీక్ష జరిగింది. ఒక కొట్టం కింది అంతస్తులో నీళ్ళగొట్టాన్ని ఇష్టమొచ్చిన చోటికి జరిపేవారు. పై అంతస్తులో నడుస్తూ జాడ చూసేవాడు అది ఎక్కడుందో చెప్పాలి. ఎంతోమందిని వడగట్టి 43 మందిని ఎంచి, 843 సార్లు పరీక్షించారు. నిర్వాహకులు తమ లెక్కలతో కొందరికి శక్తి ఉందన్నారు. అవే అంకెలను 1999లో ఎన్‌రైట్ అనే శాస్త్రజ్ఞుడు తిరిగి లెక్కకట్టి, కళ్ళు మూసుకుని ఊహించి చెప్పినదానికన్నా ఇది మెరుగు కాదని చూపించాడు.

మన రాష్ట్రంలో ఇలాంటి పరీక్షలకు మంచి పరంపరే ఉంది. గోరాగారి నాస్తిక కేంద్రం 1940లో ముదునూరులో మొదలై 1947లో విజయవాడకు మారింది. సింహళం నుంచి డాక్టర్ కోవూరు లక్షరూపాయల సవాలు పట్టుకుని భారతదేశంలో తిరిగారు. 1988లో జనవిజ్ఞాన వేదిక ఏర్పడ్డాక పల్లెల్లో కూడా మహిమల గుట్టు ప్రదర్శనలు వచ్చాయి. 2025లో మరణించిన బి.వి. పట్టాభిరాంగారు వేదిక మీద ఇంద్రజాలం చేస్తూనే ఇది విద్యే తప్ప మహిమ కాదని చెప్పేవారు. నేను ఆయన పద్ధతి వాణ్ణి. ముందు కథ చెప్పి ఆశ్చర్యపరచి, ఆ తర్వాతే విప్పి చూపాలి. మొదటే కిటుకు చెబితే జనం "ఇంతేనా" అని లేచిపోతారు, ఇంటికెళ్ళి పాత నమ్మకంలోనే పడుకుంటారు.

అలా ఒకసారి, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఒక ఊరి రచ్చకట్ట దగ్గర టెంకాయ ప్రదర్శన చేశాను. వారు చెప్పిన చోటల్లా నిలబెట్టాను. సిమెంటు అరుగు మీద, ఎద్దులబండి మీద, చివరకు మిద్దెమీద కూడా. గంగమ్మ కథా చెప్పాను, తర్వాత వేళ్ళ కదలికా విప్పి చూపాను. నలుగురు కుర్రవాళ్ళ చేత చేయించాను కూడా. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. మర్నాడు తెల్లవారకముందే ఒక రైతు మా ఇంటి తలుపు తట్టాడు.

"సార్, మా చేన్లోకి ఒకసారి రాల్ల మీరు."

"ఎందుకప్పా? నిన్న చెప్తిని కదా, అది వేళ్ళతో చేసే పని అని."

"చెప్తిరి సార్. చదువుకున్నోళ్ళు అట్లే చెప్పాల. కానీ మీ చేతిలో నిలబడినంత బాగ ఎవరి చేతిలోనూ నిలబడలేదు సార్ ఇంతవరకు."

అతణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, భూగర్భజల శాఖలో జియాలజిస్టును కలవమని, యంత్రంతో రాతి పొరల విద్యుత్ నిరోధం కొలుస్తారని కాగితం మీద రాసిచ్చాను. కాగితం జేబులో పెట్టుకుని దండం పెట్టి వెళ్ళాడు. తర్వాత వేరే ఊరి టెంకాయ ఆయన్ను పిలిపించుకున్నాడని తెలిసింది. అప్పటికే రెండు బోర్లు ఎండిపోయిన చేను అది. మూడోది కూడా దుమ్ము తప్ప ఏమీ చూపలేదు. ఎద్దుల జత సంతకు పోయింది. ఆ సంవత్సరం పిల్లవాడు నా తరగతికి రావడం మానేశాడు.

నాకు ఆనాటి నుంచి తట్టిన విషయం ఒకటుంది. ఆ రైతుకు నేను కిటుకు విప్పి చూపాను గానీ, దాని స్థానంలో పట్టుకోవడానికి మరో కథ ఇవ్వలేదు గదా, అని కొందరు మిత్రులు వాదించారు. నేను ఒప్పుకోను. అప్పుమీద అప్పు ఉన్న మనిషికి మూడువందల అడుగుల లోతున రాయి ఎలా ఉందో చెప్పే కాగితం కన్నా, నీ గంగమ్మ ఇక్కడే ఉందని చెప్పే టెంకాయే ఊరట. ప్రదర్శన అతనికున్న వేడిని తగ్గించలేదు. అతనికి కావలసినది సకాలంలో జియాలజిస్టూ, పంట అప్పూ. ఆ రెండూ మా ఊళ్ళకు ఆలస్యంగా వస్తాయి, టెంకాయ పిలిచిన రోజే వస్తుంది.

2002లో వాల్టా చట్టం వచ్చాక బోరు వేయడానికి అనుమతి కావాలి, రిగ్గులు రిజిస్టరై ఉండాలి. పొలం కొనే మిత్రులు ముందు చుట్టుపక్కల బోర్ల లోతు, వేసవిలో నీళ్ళ మట్టం విచారించండి. అనుమతి కాగితంతోపాటు భూగర్భ పరిశీలన చేయించుకోండి. అది కూడా నూటికి నూరు పాళ్ళు కచ్చితం అని ఏ జియాలజిస్టూ చెప్పడు. అలా చెప్పకపోవడమే అతని మీద నమ్మకానికి కారణం.

ఇంట్లో ఆడవాళ్ళో, బావమరిదో టెంకాయ చూడందే కాదని పట్టుబడితే గొడవపడవద్దు. పిలిపించండి. మర్యాద చేయండి. ఆయన గుర్తుపెట్టిన చోట్లన్నీ పుల్లలు పాతి, ఎవరికీ కనబడకుండా కొలతలు రాసుకుని పుల్లలు పీకేయండి. తర్వాత ఆయన ఒప్పుకుంటేనే కళ్ళకు తువ్వాలు కట్టి, చెయ్యిపట్టి అదే చేలో వేరే దారిన నడిపించండి. నిజంగా కిందున్న నీళ్ళే కాయను లేపుతుంటే అదే చోట మళ్ళీ లేవాలి. పోయిన వేసవిలో మా బంధువుల చేలో ఇలాగే చేశాం. వచ్చినాయన పెద్దమనిషి, నవ్వుతూ ఒప్పుకున్నాడు. మొదటిసారి నాలుగు చోట్ల నిలబడింది, తువ్వాలు కట్టాక మూడు చోట్ల. ఒక్కటి కూడా కలవలేదు. ఆయన తువ్వాలు విప్పుకుని పుల్లలవైపు, చేతిలో కాయవైపు చాలాసేపు చూశాడు. "ముప్పై ఏండ్లనుంచి చూస్తాండాను సార్" అన్నాడు నెమ్మదిగా. ఎవరం ఏమీ అనలేదు. ఎండ ముదిరింది. గట్టుమీద రాతికి ఆ టెంకాయను ఆయనే కొట్టాడు, నీళ్ళు పిల్లలకు పోసి, మిగతా అందరం వేపచెట్టు కింద కూర్చుని తలా ఒక ముక్క తిన్నాం.